పాత కారు నేర్పే తర్కం

యంత్రం మానవుని చేతి సృష్టి. అయినప్పటికీ అది ఆగిపోయినప్పుడు చాలామందికి అర్థంకాని మాయగా కనిపిస్తుంది. నడిరోడ్డుపై కారు నిలిచిపోతే, బోనెట్టు ఎత్తి చూచి, ఏదో ఒక తీగను రెండుసార్లు కదిపి, నిట్టూర్చి నిలబడేవారే ఎక్కువ. మరికొందరు తోచిన భాగాన్నల్లా మార్చివేస్తారు. ఈరోజు బ్యాటరీ, రేపు ప్లగ్గులు, ఎల్లుండి కాయిలు. చివరకు కారు కదులుతుంది గాని అసలు లోపం ఎక్కడ ఉన్నదో యజమానికీ తెలియదు, మార్చినవారికీ తెలియదు. డబ్బు ఖర్చవుతుంది, అనుభవం మాత్రం మిగలదు. అదే లోపం తిరిగి వస్తే కథ మళ్ళీ మొదటికి వస్తుంది.

ఈ రెండింటికీ భిన్నమైన మార్గం ఒకటి ఉన్నది. లక్షణాన్ని శ్రద్ధగా గమనించడం, దానికి కారణం కాగల వాటిని వరుసగా తలచుకోవడం, ఒక్కొక్కదానిని పరీక్షించి కానివాటిని తొలగించుకుంటూ పోవడం ఆ మార్గం. వైద్యుడు రోగనిర్ణయం చేసే పద్ధతి ఇదే. దీనిని అభ్యసించడానికి పాత కారు చక్కని సాధనం. అంతేకాక ఇందులో పొరపాటు జరిగితే పోయేది డబ్బు మాత్రమే కాదు. ఒక్కొక్కప్పుడు ప్రాణం కూడా. కాబట్టి ఏ లోపాన్ని మనం సరిచేసుకోవచ్చు, ఏ లోపాన్ని నిపుణునికి అప్పగించాలి అనే వివేకం కూడా ఈ విద్యలో భాగమే.

పాత కారు అంటే ఏది?

ఈ పాఠంలో పాత కారు అంటే, ఇంజను పనిని కంప్యూటరు నియంత్రించడం మొదలుకాక పూర్వం తయారైన కారు అని అర్థం. మన దేశంలో అటువంటివాటిలో అందరికీ తెలిసినవి మూడు. మొదటిది అంబాసిడర్. బ్రిటన్‌కు చెందిన మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడవ శ్రేణి కారును అనుసరించి, కలకత్తా సమీపంలోని ఉత్తర్‌పారాలో హిందుస్థాన్ మోటార్స్ సంస్థ 1950ల చివరలో దీని తయారీని ప్రారంభించింది. 2014 మే నెలలో ఆ తయారీ నిలిచిపోయింది. రెండవది బొంబాయిలో ప్రీమియర్ ఆటోమొబైల్స్ సంస్థ తయారుచేసిన ఫియట్ 1100. 1970లలో దానికే ప్రీమియర్ పద్మిని అనే పేరు వచ్చింది. బొంబాయి వీధులలో నలుపు, పసుపు రంగులతో దశాబ్దాలపాటు తిరిగిన పద్మిని టాక్సీల శకం 2023 అక్టోబరులో ముగిసింది. మూడవది 1983 డిసెంబరులో రోడ్డెక్కిన మారుతి 800. తొలినాటి మారుతి 800 కార్లలో కార్బురేటరే ఉండేది. 2000 ప్రాంతంలో దాని స్థానాన్ని ఎలక్ట్రానిక్ పద్ధతిలో ఇంధనాన్ని చిమ్మే ఏర్పాటు ఆక్రమించింది.

ఈ పాత కార్లలో ప్రతి పనికీ కంటికి కనిపించే ఒక భాగం ఉంటుంది. పెట్రోలును గాలితో కలిపేది కార్బురేటరు. బ్యాటరీలోని స్వల్ప వోల్టేజిని వేల వోల్టులకు పెంచేది కాయిలు. ఆ విద్యుత్తును ఒక్కొక్క సిలిండరుకు వంతులవారీగా పంచేది డిస్ట్రిబ్యూటరు. ఇంజను వేడిని గాలిలోకి వదిలేది రేడియేటరు. ఒక భాగం పనిచేయకపోతే దాని ప్రభావం కంటికో, చెవికో, ముక్కుకో తెలుస్తుంది. నాలుగు పానాలు, ఒక స్క్రూడ్రైవరు, సన్నని సందులను కొలిచే ఫీలరు గేజి, ఒక మల్టీమీటరు ఉంటే చాలా పరీక్షలు ఇంటిముందే చేసుకోవచ్చు.

పొగను బట్టి నిప్పు

కనిపించే లక్షణాన్ని బట్టి కనిపించని కారణాన్ని తెలుసుకోవడాన్ని మన తర్కశాస్త్రం అనుమానం అన్నది. ఇక్కడ అనుమానం అంటే సందేహం కాదు. హేతువును ఆధారం చేసుకొని నిర్ణయానికి రావడం. 17వ శతాబ్దికి చెందిన ఆంధ్రుడు అన్నంభట్టు రచించిన ‘తర్కసంగ్రహం’ తర్కాన్ని అభ్యసించేవారికి నేటికీ తొలి పాఠ్యగ్రంథంగా ఉన్నది. అందులో కొండ మీద పొగ కనిపిస్తే అక్కడ నిప్పు ఉన్నదని ఎలా నిర్ణయిస్తామో వివరణ ఉన్నది. వంటింట్లో పొగతోపాటు నిప్పును చూచి ఉన్నాము. నిప్పులేని చెరువులో పొగ ఉండదని కూడా ఎరుగుదుము. ఈ రెండు విధాల అనుభవం కలిస్తేనే పొగకూ నిప్పుకూ గల విడదీయరాని సంబంధం స్థిరపడుతుంది. దానినే వ్యాప్తి అంటారు. మొదటి విధాన్ని అన్వయమనీ, రెండవ విధాన్ని వ్యతిరేకమనీ పిలుస్తారు.

అయితే దూరంగా కనిపించినదల్లా పొగ కాకపోవచ్చు. మంచు తెరను పొగ అని భ్రమిస్తే, దానిని బట్టి నిప్పును ఊహించడం తప్పవుతుంది. హేతువువలె కనిపిస్తూ నిజానికి హేతువు కానిదానిని హేత్వాభాస అంటారు. కారు మరమ్మతులో జరిగే నష్టాలలో చాలావాటికి మూలం ఈ హేత్వాభాసలే. ఈ సూత్రాన్ని మనసులో ఉంచుకొని ఇక కారు దగ్గరకు వద్దాము.

ఇంజను కోరేవి నాలుగు

పెట్రోలు ఇంజను నడవాలంటే నాలుగు సమకూరాలి. తగిన పాళ్ళలో గాలి, పెట్రోలు కలిసిన మిశ్రమం ఉండాలి. ఆ మిశ్రమాన్ని సిలిండరులో గట్టిగా అదిమే సంపీడనం ఉండాలి. దానిని మండించే నిప్పురవ్వ ఉండాలి. ఆ నిప్పురవ్వ సరియైన సమయానికి పుట్టాలి. పెట్రోలు పూర్తిగా మండడానికి బరువులో దానికి సుమారు 14.7 రెట్ల గాలి కావాలి. నాలుగు సిలిండర్ల ఇంజను నిమిషానికి 3000 సార్లు తిరుగుతున్నప్పుడు నిమిషానికి 6000 నిప్పురవ్వలు, అంటే సెకనుకు 100 పుట్టాలి. ఇంత వేగంగా సాగే పనిలో కూడా లోపం వచ్చినప్పుడు వెదకవలసిన చోట్లు ఈ నాలుగే.

కారు కదలకపోతే

తాళం తిప్పినా కారు కదలలేదు అనుకుందాము. మొదట వేసుకోవలసిన ప్రశ్న ఒక్కటే: ఇంజనును తిప్పే స్టార్టరు మోటారు తిరుగుతున్నదా, లేదా? ఈ ఒక్క ప్రశ్నతో సగం కారణాలు తొలగిపోతాయి. స్టార్టరు చురుకుగా తిరుగుతూ కూడా ఇంజను అందుకోకపోతే బ్యాటరీని తప్పుపట్టవలసిన పని సాధారణంగా ఉండదు. స్టార్టరే తిరగకపోతే అప్పటికి పెట్రోలు జోలికి పోవలసిన అవసరం లేదు.

స్టార్టరు తిరగనప్పుడు హెడ్‌లైట్లు వెలిగించి తాళం తిప్పి చూడాలి. లైట్లు అసలు వెలగకపోతే బ్యాటరీ పూర్తిగా ఖాళీ అయి ఉండవచ్చు, లేదా దాని కొనల దగ్గర తీగ వదులై ఉండవచ్చు. లైట్లు వెలుగుతూ తాళం తిప్పగానే బాగా మసకబారితే, సాధారణంగా బ్యాటరీ నీరసించి ఉంటుంది, లేదా కొనల దగ్గర అతుకు చెడి ఉంటుంది. లైట్లు ఏమాత్రం మసకబారకుండా, స్టార్టరు కూడా ఉలకకుండా ఉంటే, విద్యుత్తు స్టార్టరు వరకు చేరడం లేదని గ్రహించాలి. అప్పుడు స్విచ్చినీ, దాని తీగలనూ పరిశీలించాలి.

12 వోల్టుల బ్యాటరీలో ఆరు గదులు ఉంటాయి. పూర్తిగా ఛార్జి అయి, కొంతసేపు విశ్రాంతిగా ఉన్న బ్యాటరీ కొనల మధ్య సుమారు 12.6 వోల్టులు ఉంటాయి. అది 12 వోల్టులకు తగ్గితే బ్యాటరీ దాదాపు ఖాళీ అయిందని అర్థం. ఇంజను నడుస్తున్నప్పుడు ఆల్టర్నేటరు ఉన్న కారులో అదే కొలత సుమారు 14 వోల్టులు చూపాలి. అలా చూపకపోతే కొత్త బ్యాటరీ వేసినా అది కొద్దికాలానికే ఖాళీ అవుతుంది. బ్యాటరీని మార్చి కూడా మళ్ళీ మళ్ళీ ఇబ్బంది పడేవారు ఈ రెండవ కొలతను తీసుకోకపోవడం కద్దు.

బ్యాటరీ కొనల మీద పేరుకొనే తెల్లని, పచ్చని పొడి చిన్న విషయంగా తోస్తుంది. భౌతికశాస్త్రంలో చదివే ఓమ్ నియమంతో దానిని లెక్కించి చూద్దాము. స్టార్టరు మోటారు 150 ఆంపియర్ల విద్యుత్తును తీసుకుంటున్నది అనుకుంటే, అతుకు దగ్గర ఓములో 50వ వంతు నిరోధం ఉన్నా 3 వోల్టులు అక్కడే వృథా అవుతాయి. మిగిలిన వోల్టులతో మోటారు ఇంజనును తిప్పలేదు. కొన్ని వేల రూపాయల కొత్త బ్యాటరీ చేయలేని పనిని, వంటసోడా కలిపిన నీళ్ళతో కొనలను కడిగి, గీకి, బిగించి, పైన కొద్దిగా వాజలైను పూయడం చేయగలదు. అందుకే ఖర్చు లేని పరీక్షను ఎల్లప్పుడూ ముందు చేయాలి.

నిప్పురవ్వ ఉన్నదా?

స్టార్టరు చక్కగా తిరుగుతూ ఇంజను అందుకోకపోతే, నిప్పురవ్వ లేదా, పెట్రోలు లేదా అన్నది తరువాతి ప్రశ్న. ఒక ప్లగ్గును విప్పి, దాని తీగను దానికే తగిలించి, ప్లగ్గు లోహపు అంచును ఇంజను లోహానికి ఆనించి స్టార్టరును తిప్పితే, దాని కొనల మధ్య నీలిరంగు నిప్పురవ్వ చిటచిటమంటూ కనిపించాలి. ఈ తీగలో వేల వోల్టులు ప్రవహిస్తాయి కాబట్టి ప్లగ్గును చేతితో పట్టుకోరాదు. చుట్టుపక్కల పెట్రోలు తడిగాని, ఆవిరిగాని ఉండరాదు.

నిప్పురవ్వ లేకపోతే పాత కార్లలో ముందుగా చూడవలసింది డిస్ట్రిబ్యూటరులోని పాయింట్లను. ఇవి క్షణక్షణం తెరుచుకొని మూసుకొనే చిన్న లోహపు బిళ్ళలు. అవి తెరుచుకున్న ప్రతిసారీ కాయిలులో ప్రవాహం హఠాత్తుగా ఆగి, ఎక్కువ వోల్టేజి పుడుతుంది. వాడుకలో వీటి ముఖాలు నల్లబడి, గుంటలు పడతాయి. సన్నని గరుకు కాగితంతో శుభ్రం చేసి, పూర్తిగా తెరుచుకున్నప్పుడు వాటి మధ్య సందును ఫీలరు గేజితో సరిచేయాలి. చాలా పాత కార్లలో ఇది సుమారు 0.4 మిల్లీమీటర్లు, ఖచ్చితమైన కొలతను ఆ కారుతోపాటు ఇచ్చిన పుస్తకంలో చూచుకోవాలి. సందు ఎక్కువైతే పాయింట్లు ముందుగా తెరుచుకుంటాయి, నిప్పురవ్వ తొందరపడుతుంది. సందు తక్కువైతే నిప్పురవ్వ ఆలస్యమవుతుంది. అందువలన ముందు సందును, ఆ తరువాతనే నిప్పురవ్వ సమయాన్ని సరిచేయడం పద్ధతి. పాయింట్లు శుభ్రం చేసిన కొద్దిరోజులకే మళ్ళీ కాలిపోతుంటే, వాటి పక్కనే ఉండే కండెన్సరును అనుమానించాలి.

వర్షాకాలంలో డిస్ట్రిబ్యూటరు మూతలోనికి చెమ్మ చేరి, విద్యుత్తు దారితప్పి కారిపోవడం కూడా ఉన్నది. అటువంటప్పుడు మూత విప్పి పొడిగుడ్డతో తుడిస్తే చాలు.

పెట్రోలు చేరుతున్నదా?

నిప్పురవ్వ బాగుంటే పెట్రోలు దారిని పరిశీలించాలి. ట్యాంకు, గొట్టం, ఫిల్టరు, పంపు, కార్బురేటరు అనేవి ఆ దారిలోని మజిలీలు. కార్బురేటరులో గాలి దారి ఒకచోట ఇరుకుగా ఉంటుంది. అక్కడ గాలి వేగం పెరిగి పీడనం తగ్గుతుంది. ఆ తగ్గుదలవల్ల పెట్రోలు సన్నని రంధ్రం గుండా పైకి వచ్చి గాలిలో కలుస్తుంది. ఇది బెర్నూలీ సూత్రం. ఆ రంధ్రంలో చిన్న నలుసు అడ్డుపడినా ఇంజను తడబడుతుంది. ఇంజను చల్లగా ఉన్నప్పుడు వాడే చోకును వేడిగా ఉన్నప్పుడు కూడా లాగితే, పెట్రోలు ఎక్కువై ప్లగ్గులు తడిసిపోతాయి. పెట్రోలు వాసన గుప్పుమంటుంది. అప్పుడు చోకును మూసి, కొంతసేపు ఆగి, యాక్సిలరేటరును పూర్తిగా నొక్కిపట్టి తిప్పితే అదనపు పెట్రోలు ఆరిపోయి ఇంజను అందుకొంటుంది.

ఒకే లక్షణం – మూడు కారణాలు

పాత కార్లలో తరచు వినిపించే ఫిర్యాదు ఒకటి ఉన్నది. కారు ఒక అరగంట బాగా నడిచి, హఠాత్తుగా ఆగిపోతుంది. కొంతసేపు ఆగితే ఏమీ జరగనట్లు మళ్ళీ నడుస్తుంది. ఈ లక్షణానికి కనీసం మూడు కారణాలు ఉండవచ్చు.

మొదటిది, వేసవిలో పెట్రోలు గొట్టంలోనే ఆవిరిగా మారడం. ద్రవాన్ని నెట్టడానికి ఏర్పడిన పంపు ఆవిరిని నెట్టలేదు. మన ప్రాంతంలో మే నెల ఎండల్లో ఫియట్, అంబాసిడర్ డ్రైవర్లు పంపు మీద తడిగుడ్డ కప్పడం దీనికి విరుగుడుగానే. గుడ్డలోని నీరు ఆవిరవుతూ పంపు వేడిని తీసుకొంటుంది, లోపలి పెట్రోలు ఆవిరి తిరిగి ద్రవమవుతుంది. రెండవది, కాయిలు వేడెక్కినప్పుడు లోపలి తీగచుట్ట దెబ్బతిని నిప్పురవ్వ ఆగిపోవడం. చల్లారితే అది తిరిగి పనిచేస్తుంది. మూడవది, పెట్రోలు ట్యాంకు మూతలోని గాలిరంధ్రం మూసుకుపోవడం. పెట్రోలు ఖర్చవుతున్నకొద్దీ ట్యాంకులోకి గాలి చేరకపోతే లోపల పీడనం తగ్గి, పెట్రోలు బయటకు రాదు.

ఈ మూడింటిలోనూ కారు ఆగుతుంది, విశ్రాంతి తరువాత నడుస్తుంది. కాబట్టి ‘చల్లారితే నడుస్తున్నది’ అన్న ఒక్క హేతువుతో కాయిలును మార్చడం హేత్వాభాస. మరి మూడింటినీ వేరుచేయడం ఎలా? కారు ఆగిన వెంటనే పరీక్షించడమే దానికి మార్గం. ట్యాంకు మూత తీయగానే గాలి బుస్సున లోపలికి పోయి, వెంటనే ఇంజను అందుకుంటే దోషం మూతలోని రంధ్రానిది. నిప్పురవ్వ లేకపోతే కాయిలును పరీక్షించాలి. నిప్పురవ్వ ఉండి, తడిగుడ్డ కప్పిన కొద్దిసేపటికి నడిస్తే అది ఆవిరి వలన కలిగిన అడ్డంకి. చల్లారిన తరువాత షెడ్డుకు తీసుకుపోతే ఎంతటి మెకానిక్కుకైనా లోపం దొరకదు. లక్షణం ఉన్నప్పుడే దానిని ప్రశ్నించాలి.

తావు మార్చి చూడడం

ఇంజను నడుస్తూనే కుంటుతున్నట్లు అదిరితే, ఏదో ఒక సిలిండరు పనిచేయడం లేదని గ్రహించాలి. ఇంజనును ఆపి, ఒక ప్లగ్గు తీగను తీసి ఇంజను లోహానికి ఆనించి కట్టి, మళ్ళీ నడపాలి. అదురు ఇంకా పెరిగితే ఆ సిలిండరు అంతకుముందు పనిచేస్తున్నదన్నమాట. ఏ మార్పూ లేకపోతే పనిచేయనిది అదే. ఇలా ఒక్కొక్కదానినీ పరీక్షించి పనిచేయని సిలిండరును గుర్తించాక, దాని ప్లగ్గును బాగున్న సిలిండరుకు, బాగున్నదానిని దీనికి మార్చాలి. లోపం ప్లగ్గు వెంట పోతే దోషం ప్లగ్గుది. లోపం అదే సిలిండరులో నిలిస్తే ప్లగ్గు నిర్దోషి. తీగనో, సంపీడనాన్నో చూడాలి. ప్లగ్గు ఉన్నచోట లోపం ఉండడం అన్వయం, ప్లగ్గు పోయినచోట లోపం పోవడం వ్యతిరేకం. అన్నంభట్టు కొండ మీది పొగకు చెప్పిన విధానమే ఇక్కడ పైసా ఖర్చు లేకుండా తీర్పు చెబుతున్నది.

ఈ పరీక్షలలో గుర్తుంచుకోవలసిన నియమం ఒకటి ఉన్నది. ఒకసారి ఒక్క మార్పునే చేయాలి. ప్లగ్గులు, పాయింట్లు, కార్బురేటరు మరలు అన్నీ ఒకేసారి కదిపితే, కారు బాగుపడినా ఎందుకు బాగుపడిందో తెలియదు. చెడిపోతే ఎందుకు చెడిందో అసలే తెలియదు. చేసిన మార్పును, తేదీని, కారు తిరిగిన కిలోమీటర్లను ఒక చిన్న పుస్తకంలో వ్రాసుకోవడం మంచి అలవాటు.

పొగ రంగులు, ప్లగ్గు రంగులు

సైలెన్సరు నుండి వచ్చే పొగ ఇంజను లోపలి స్థితిని తెలుపుతుంది. నీలిరంగు పొగ ఇంజనాయిలు మండుతున్నదని సూచిస్తుంది. నల్లని పొగ పెట్రోలు మోతాదు మించినదని చెబుతుంది. విడవకుండా వచ్చే దట్టమైన తెల్లని పొగ రేడియేటరు నీరు సిలిండరులోకి చేరుతున్నదేమో చూడమంటుంది.

అయితే చలికాలపు ఉదయం ఇంజను నడిపిన మొదటి నిమిషాలలో వచ్చే తెల్లని ఆవిరికి భయపడనక్కరలేదు. ఒక లీటరు పెట్రోలు మండినప్పుడు సుమారు ఒక లీటరు నీరు ఆవిరి రూపంలో పుడుతుంది. చల్లని గొట్టంలో అది చిక్కబడి తెల్లగా కనిపిస్తుంది, గొట్టం వేడెక్కగానే మాయమవుతుంది. మంచును పొగ అనుకోవడం వంటి భ్రమ ఇది. ఈ భ్రమతో ఇంజను విప్పించినవారికి మిగిలేది ఖర్చే. తెల్లని పొగతోపాటు రేడియేటరులో నీరు తగ్గుతూ ఉండడం, ఇంజనాయిలు మజ్జిగవలె తెల్లబడడం వంటి ఇతర సాక్ష్యాలు కూడా ఉంటేనే అనుమానం బలపడుతుంది.

విప్పిన ప్లగ్గు కొన కూడా అటువంటి సాక్షియే. లేత గోధుమ లేదా బూడిద రంగు ఆరోగ్యానికి గుర్తు. పొడి మసి పెట్రోలు ఎక్కువైనదనీ, జిడ్డు తడి ఆయిలు చేరుతున్నదనీ, తెల్లగా పొక్కినట్లున్న కొన వేడి మితిమీరినదనీ తెలుపుతాయి.

వేడి

ఇంజను వేడెక్కినప్పుడు ముందుగా నీటిమట్టాన్ని, ఫ్యాను బెల్టు బిగువును, రేడియేటరు బయటి రేకుల మధ్య చేరిన దుమ్మును చూడాలి. మన ప్రాంతాలలో చాలామంది రేడియేటరులో బోరునీళ్ళు పోస్తారు. ఆ నీటిలోని లవణాలు వంటపాత్ర అడుగున కట్టినట్లే సన్నని గొట్టాలలో గారగా పేరుకొని దారిని మూసివేస్తాయి. శుద్ధిచేసిన నీటిలో తగిన పాళ్ళలో కూలెంటు కలిపి వాడడం మేలు. వేడెక్కుతున్నదని థర్మోస్టాటును తీసి పారవేయడం కొందరి అలవాటు. దానితో ఇంజను తగిన వేడికి చేరడం ఆలస్యమై, అరుగుదలా పెట్రోలు ఖర్చూ పెరుగుతాయి. అసలు కారణం అలాగే ఉంటుంది.

వేడి మీద ఉన్న రేడియేటరు మూతను ఎట్టి పరిస్థితిలోనూ తీయరాదు. లోపలి నీరు పీడనంలో ఉండడం వలన 100 డిగ్రీల సెల్సియస్ దాటినా మరగకుండా ఉంటుంది. మూత తీయగానే పీడనం పడిపోయి, ఆ నీరు ఒక్కసారిగా ఆవిరై ముఖం మీదికి ఎగజిమ్ముతుంది.

చేయి ఆగవలసిన చోటు

ఇంతవరకు చెప్పిన లోపాలలో పొరపాటు పడితే కారు ఆగుతుంది. బ్రేకులలో పొరపాటు పడితే కారు ఆగదు. ఈ భేదాన్ని ప్రతి విద్యార్థి గుర్తుంచుకోవాలి. పాస్కల్ నియమం ప్రకారం మనం పెడలు మీద కలిగించిన పీడనం బ్రేకు ద్రవం ద్వారా నాలుగు చక్రాలకూ చేరుతుంది. పాత కార్లలో అనేకం ఒకే వలయంగల బ్రేకు ఏర్పాటుతో వచ్చాయి. వాటిలో ఒక్క గొట్టం పగిలినా నాలుగు చక్రాల కాలి బ్రేకులూ పోతాయి; చేతి బ్రేకు మాత్రమే మిగులుతుంది.

ఇక్కడ లక్షణాలను గుర్తించడం మన పని. పెడలు స్పాంజివలె మెత్తగా ఉంటే గొట్టాలలో గాలి చేరి ఉండవచ్చు. నొక్కిపట్టినప్పుడు మెల్లగా కిందికి దిగుతుంటే ద్రవం ఎక్కడో కారుతూ ఉండవచ్చు, లేదా మాస్టర్ సిలిండరు అరిగి ఉండవచ్చు. బ్రేకు వేయగానే కారు ఒకవైపుకు లాగితే రెండు చక్రాల పట్టులో తేడా ఉన్నది. బ్రేకు ద్రవం గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 3 రకం ద్రవం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల వరకు మరగదు. తేమ చేరిన తరువాత 140 డిగ్రీల దగ్గరే మరగవచ్చు. మరిగిన ద్రవంలో బుడగలు పుట్టి, ఘాటురోడ్డు దిగేటప్పుడు పెడలు ఉత్తిగా కిందికి పోతుంది. అందువలన ద్రవాన్ని సుమారు రెండేళ్ళకొకసారి మార్చాలి. ఈ లక్షణాలలో ఏది కనిపించినా కారును కదపకుండా నిపుణుని పిలిపించాలి. స్టీరింగుకు సంబంధించిన లోపాలకూ ఇదే నియమం. పాత బ్రేకు లైనింగులలో ఆస్బెస్టాస్ ఉండేది కాబట్టి డ్రమ్ములోని దుమ్మును నోటితో ఊదరాదు; అది ఊపిరితిత్తులకు హాని చేస్తుంది.

మరికొన్ని జాగ్రత్తలు కూడా ఉన్నాయి. జాకీ మీద మాత్రమే నిలిచిన కారు కిందికి ఎవరూ దూరరాదు. గట్టి స్టాండ్లు అమర్చి, చక్రాలకు అడ్డు పెట్టాలి. మూసిన గదిలో ఇంజను నడపరాదు. రంగూ వాసనా లేని కార్బన్ మోనాక్సైడు ప్రాణం తీస్తుంది. ఛార్జి అయ్యే బ్యాటరీ నుండి హైడ్రోజను వెలువడుతుంది కాబట్టి దాని దగ్గర నిప్పు ఉండరాదు. బ్యాటరీని విప్పేటప్పుడు కారు శరీరానికి కలిపిన తీగను ముందుగా తీసి, బిగించేటప్పుడు దానిని చివర బిగించాలి. అలా చేస్తే పానా పొరపాటున కారు లోహానికి తగిలినా మంట లేవదు.

మారిన కాలం

పాత కారు చుట్టూ ఉన్న లోకం మారింది. 2000 సంవత్సరంలో దేశమంతటా సీసం కలిపిన పెట్రోలు అమ్మకం నిలిచిపోయింది. సీసం ఆసరాతో మన్నిన కొన్ని పాత ఇంజన్ల వాల్వు పీటలు ఆ తరువాత త్వరగా అరగసాగాయి. 2025 నాటికి పెట్రోలులో 20 శాతం ఇథనాల్ కలపడం వాడుకలోకి వచ్చింది. దీనికోసం తయారుకాని పాత రబ్బరు గొట్టాలు, పంపు పొరలు దెబ్బతినే అవకాశం ఉన్నందున వాటిని తరచు పరిశీలించాలి. పగుళ్ళు కనిపిస్తే మార్చాలి. పెట్రోలు కారడం అగ్నిప్రమాదానికి దారి. 1988 నాటి మోటారు వాహనాల చట్టం ప్రకారం సొంతకారు రిజిస్ట్రేషను 15 సంవత్సరాల వరకు చెల్లుతుంది. తరువాత యోగ్యతను పరీక్షించి 5 సంవత్సరాల చొప్పున పొడిగిస్తారు. 50 ఏళ్ళు దాటిన వాహనాలను వింటేజి వాహనాలుగా నమోదు చేయడానికి 2021లో ప్రత్యేక నియమాలు వచ్చాయి.

కొత్త కార్లలో కంప్యూటరే లోపాన్ని సంకేత సంఖ్యగా చూపుతుంది. ఇక ఆలోచించే పని లేదని కొందరు తలుస్తారు. కాని ఆ సంఖ్య కూడా కొండ మీది పొగ వంటిదే. మిశ్రమంలో పెట్రోలు తక్కువైనదని అది చెప్పవచ్చు. గొట్టానికి చిల్లు పడిందా, ఫిల్టరు మూసుకున్నదా, కొలిచే పరికరమే చెడిందా అన్నది మనిషే తేల్చాలి. సంఖ్యను చూచి ఆ పరికరాన్ని మార్చివేసేవారు, కారు ఆగగానే కాయిలును మార్చివేసిన వెనుకటివారి దారిలోనే నడుస్తున్నారు.

బీదవాని టాక్సీ అయినా, తాతగారి అంబాసిడర్ అయినా, చదువు పూర్తయ్యాక విద్యార్థి కొనుక్కునే పాత మారుతి అయినా బోనెట్టు కింద అడగవలసిన ప్రశ్నలు ఒకటే. ఏమి కనిపిస్తున్నది? దానికి ఎన్ని కారణాలు ఉండవచ్చు? వాటిలో ఖర్చు లేకుండా ముందు పరీక్షించదగినది ఏది? ఈ పని నా చేతిదేనా, నిపుణునిదా? ఈ నాలుగు ప్రశ్నలను వరుసగా వేసుకోగలిగినవాడు మెకానిక్కు దగ్గరకు వెళ్ళినా తన కారు స్థితిని స్పష్టంగా చెప్పగలడు, చేసిన మరమ్మతు సరియైనదో కాదో గ్రహించగలడు, అనవసరపు ఖర్చునుండి తన కుటుంబాన్ని కాపాడుకోగలడు.